మొక్కల ట్యాంకుకు లైటు ఎంచుకోవడం: మన బోరు నీళ్లకు, మన ఎండలకు తగ్గట్టు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలో మొక్కలు పెట్టిన ఫిష్ ట్యాంకులు ఎక్కువగా పాడయ్యేది లైటు ఎక్కువై. మొక్కలు నాటిన పది రోజులకు ఆకులు పసుపు పడతాయి. లైటు చాలడం లేదేమోనని ఇంకొకటి తగిలిస్తారు. మరో రెండు వారాలకు గాజు మీద ఆకుపచ్చ చుక్కలు, ఆకుల అంచులకు నల్లటి కుచ్చులు మొదలవుతాయి. ఇక విసుగొచ్చి మొక్కలు పీకేసి ప్లాస్టిక్‌వి పెడతారు. లైటు కొనకముందే ఏ మొక్కలు పెడుతున్నాం, ఏ నీళ్లు పోస్తున్నాం అన్న రెండు సంగతులు తేల్చుకుంటే ఈ తిప్పలుండవు. ఎన్ని వాట్లు అన్న మాట ఆ తర్వాతే.

ఇక్కడి లెక్కలన్నీ చిన్న ట్యాంకులకే. రెండడుగుల ట్యాంకు అంటే 24×12×12 అంగుళాలు, సెంటీమీటర్లలో 60×30×30. లోపలి మొత్తం 54 లీటర్లు. అడుగున రెండంగుళాల మట్టి, పైన అంగుళం ఖాళీ పోను నిలిచే నీళ్లు 40 నుంచి 45 లీటర్లు. అడుగున్నర ట్యాంకు 40 లీటర్లు, అడుగు క్యూబు 27 లీటర్లు. లోతు అడుగు దాటితే ఈ అంకెలు సరిపోవు.

ముందు మొక్కల సంగతి. మొక్కకు చేరే వెలుగును పార్ అంటారు, మైక్రోమోల్‌లలో కొలుస్తారు. అనూబియాస్, జావా ఫెర్న్, జావా మాస్, క్రిప్టోకోరిన్ లాంటి నిదానపు మొక్కలకు మట్టి దగ్గర 15 నుంచి 30 చాలు. వాలిస్నేరియా, హైగ్రోఫిలా, బకోపా, పచ్చ రోటాలా లాంటివి 30 నుంచి 50 మధ్య బాగా పెరుగుతాయి. మాంటే కార్లో లాంటి నేల పరుపు మొక్కలకు, ఎర్రగా నిలవాల్సిన రోటాలా, లుడ్విజియాలకు 60 పైన కావాలి. అంత వెలుగు ఇవ్వాలంటే సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించాల్సిందే. గ్యాస్ లేకుండా 50 దాటించడం నీళ్లు పెట్టని చేనుకు యూరియా చల్లినట్టే. మొక్క ఆ వెలుగును వాడుకోలేదు, పాచి వాడుకుంటుంది. మామూలు ట్యాంకు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు. గ్యాస్ ఎక్కించే ట్యాంకుల్లో 20 నుంచి 30 దాకా ఉంచుతారు. పది రెట్ల తేడా అది. వెలుగు పెంచే ముందు కార్బన్ ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోవాలి.

మన నీళ్ల విశేషం ఇక్కడే ఉంది. నల్లగొండ బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మొక్కల ట్యాంకుకు దానికంటే ముఖ్యమైనవి గట్టిదనం, క్షారత. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు 1000 దాటి చూపించే బోర్లు ఈ వైపు కొత్తేం కాదు. క్షారతను కొలిచే కేహెచ్ టెస్ట్ కిట్ తెచ్చి 5 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కో చుక్కా వేస్తూ పోతే, నీలం రంగు పసుపుకు తిరిగే దాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. పది దాటితే క్షారత బాగా ఉన్నట్టు. అంటే ఆ నీళ్లలో బైకార్బనేట్ దండిగా ఉంది. హైడ్రిల్లా, వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ ఈ బైకార్బనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు. మన చెరువుల్లో హైడ్రిల్లా అంత దట్టంగా అల్లుకోవడానికి ఇది ఒక కారణం. జావా మాస్‌కు ఆ శక్తి లేదు, దానికి కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడే కావాలి. అనూబియాస్‌ను కూడా ఆ లెక్కలోనే ఉంచుకోండి.

కాబట్టి గట్టి బోరు నీళ్లు, గ్యాస్ లేదు అనుకుంటే నా సలహా ఇదీ: వెనక వరసకు వాలిస్నేరియా, ఒక మూలకు హార్న్‌వర్ట్, ముందు రాళ్లకు కట్టిన అనూబియాస్. ఈ కూర్పుకు 35 చుట్టూ పార్ ఇస్తే వెనక మొక్కలు పైకి లేచి నీడ పడుతుంది, ఆ నీడలో అనూబియాస్ హాయిగా ఉంటుంది. మాస్, రోటాలా పెట్టాలనుంటే బోరు నీళ్లకు సగం ఆర్‌ఓ నీళ్లు కలపండి. ప్రతి ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు ఉంది, 20 లీటర్ల క్యాను దొరుకుతుంది. మిషన్ భగీరథ నల్లా వచ్చే ఇళ్లలో ఆ కృష్ణా నీళ్లే చాలావరకు సరిపోతాయి, బోరుకంటే మెత్తన. క్లోరిన్ ఉంటుంది కనుక యాంటీక్లోరిన్ చుక్కలు వేసి పోయాలి.

బైకార్బనేట్ వాడుకునే మొక్కలు ఒక గుర్తు చూపిస్తాయి. వెలుగు బాగా ఉన్న ట్యాంకులో వాలిస్నేరియా ఆకును వేళ్ల మధ్య పట్టుకుని పైనుంచి కిందికి లాగి చూడండి. గరుకుగా, సున్నం పూసినట్టు ఒక పొర తగులుతుంది. అది రోగం కాదు. ఆకు బైకార్బనేట్‌ను పీల్చుకున్నప్పుడు చుట్టూ పీహెచ్ పెరిగి కాల్షియం కార్బనేట్ ఆకు మీదే పేరుకుంటుంది. పలచగా ఉంటే వదిలేయండి. ఆకులన్నీ తెల్లబారితే వెలుగు ఆ మొక్క అవసరానికి మించి ఉందని అర్థం. ఒక గంట తగ్గించండి.

ఇక వాట్ల దగ్గరికొద్దాం. గాలనుకు ఇన్ని వాట్లు అనే సూత్రం పాత ట్యూబ్‌లైట్ల కాలంది. ఎల్‌ఈడీకి అది పనికిరాదు. అట్ట పెట్టె మీద లూమెన్లు, అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగు ఎంతో చూడాలి. మామూలు ఎల్‌ఈడీ వాటుకు దాదాపు 100 లూమెన్లు ఇస్తుంది. రెండడుగుల 10 వాట్ల బాటెన్ (ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీ) అంటే 1000 లూమెన్లు, 9 వాట్ల బల్బు అంటే 900.

ఆ లూమెన్లను పార్‌లోకి మార్చడం చేతి లెక్కే. రెండడుగుల ట్యాంకు అడుగు వైశాల్యం 0.6×0.3, అంటే 0.18 చదరపు మీటర్లు. బాటెన్ వెలుగులో కొంత పక్కలకు పోతుంది, కొంత గాజులో పోతుంది. 40 నుంచి 50 శాతం మట్టిని చేరిందనుకోండి. 1000 లూమెన్లలో 400 చేరితే, దాన్ని 0.18తో భాగిస్తే దాదాపు 2200 లక్స్ (చదరపు మీటరుకు పడే లూమెన్లే లక్స్). 500 చేరితే దాదాపు 2800 లక్స్. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీకి లక్స్‌ను 67తో భాగిస్తే పార్ వస్తుంది. అంటే 33 నుంచి 41. గ్యాస్ లేని రెండడుగుల ట్యాంకుకు ఒక్క 10 వాట్ల బాటెన్ సరిగ్గా సరిపోతుందన్నమాట. రెండోది తగిలిస్తే 70, 80కి పోతుంది, పాచి మొదలయ్యేది ఆ రెండో బాటెన్‌తోనే. ఎలక్ట్రికల్ షాపులో రెండు మూడు వందలకు దొరికే వస్తువు ఇది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వేలు పోసి లైటు కొనక్కర్లేదని నేను గట్టిగా చెప్పేది ఈ లెక్క చూసే.

అడుగున్నర ట్యాంకు మీద రెండడుగుల బాటెన్ బయటికి పొడుచుకొస్తుంది. అక్కడ అడుగు పొడవు 5 వాట్లది వాడితే 0.135 చదరపు మీటర్లకు 28 దాకా వస్తుంది, నిదానపు మొక్కలకు చాలు. అడుగు క్యూబు మీద 9 వాట్ల బల్బు వేలాడదీయడం చాలా ఇళ్లలో చూస్తాం. పైన డోమ్ లేకపోతే ఆ బల్బు వెలుగు గోడలకు, కళ్లకు పోయి పావు వంతే నీళ్లలో పడుతుంది, పార్ 40 లోపు. అదే బల్బుకు స్టీలు డోమ్ పెడితే 60కి దూకుతుంది. డోమ్ ఉంటే 5 వాట్ల బల్బు చాలు. ఒకే బల్బుకు ఇంత తేడా వస్తుంది కాబట్టి వాట్లు మాత్రమే చెప్పి సలహా అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు.

ఐపీ65 రాసి ఉన్న 10 వాట్ల ఫ్లడ్ లైటు కూడా మంచి ఎంపికే. సీలు చేసి ఉంటుంది, తేమ లోపలికి పోదు. దాని ఇబ్బంది, వెలుగంతా నడుమ గుమిగూడడం. నడుమ 60 ఉంటే మూలల్లో 15 ఉంటుంది. నడుమన పొడుగు మొక్కలు, మూలల్లో అనూబియాస్, క్రిప్ట్ పెట్టుకుంటే ఆ లోపమే లాభమవుతుంది. ఇలాంటి చిన్న లైటు ఎత్తు మారిస్తే వెలుగు బాగా మారుతుంది. లైటు నుంచి మట్టికి 30 సెంటీమీటర్లు ఉన్నదాన్ని 42కి లేపితే వెలుగు సగమవుతుంది. పొడుగు బాటెన్‌కు అంత వేగంగా తగ్గదు. సీలింగ్‌కు అతికించే 12 వోల్టుల స్ట్రిప్పులు మాత్రం వద్దు. నీటి ఆవిరికి జిగురు ఊడుతుంది, పైనున్న సిలికాన్ పూత పసుపుబారుతుంది, ఒక ముక్క ఆరిపోతే దాన్ని సరిచేసేవాడు దొరకడు.

ట్యాంకుతో పాటు షాపువాళ్లు ఇచ్చే నీలం, గులాబీ లైట్లు మొక్కల కోసం చేసినవి కావు. నీలం లైటు సముద్రపు కోరల్స్‌కు పనికొస్తుంది. గులాబీ లైటు కింద చేపలు ముద్దుగా కనిపిస్తాయి, అంతే. మొక్కల ట్యాంకుకు 6500 కెల్విన్ తెలుపు తీసుకోండి. వార్మ్ వైట్ కింద కూడా మొక్కలు పెరుగుతాయి గానీ నీళ్లు చాయ్ రంగులో కనబడతాయి. డబ్బు పెట్టే ఓపిక ఉంటే చిహిరోస్, ట్విన్‌స్టార్, వీక్ ఆక్వా లాంటి కంపెనీల ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపిన) లైట్లలో ఎరుపు, పచ్చ రంగులు బాగా తేలుతాయి. పైగా వెలుగు తగ్గించే డిమ్మర్ ఉంటుంది. నా దృష్టిలో ఆ డబ్బుకు అసలు విలువ డిమ్మర్‌దే. అలాంటి లైటు కొంటే మొదటి రోజు నుంచే 100 శాతం మీద నడపకండి. 30, 40 శాతంతో మొదలుపెట్టండి. 230 వోల్టుల మామూలు బాటెన్‌కు ఫ్యాన్ రెగ్యులేటర్ కలిపి తగ్గించాలని చూడకండి, లోపలి డ్రైవర్ కాలిపోతుంది. బాటెన్ వెలుగు తగ్గించాలంటే పైకి లేపాలి, లేదా నీటి మీద అంతర తామర వేయాలి. అది కూడా సగం కంటే ఎక్కువ కమ్ముకోకుండా వారం వారం తీసేస్తూ ఉండాలి.

కొలిచి చూడాలనుకునేవాళ్లు నీళ్లు పోయకముందే కొలవండి. రాత్రి గదిలో మిగతా లైట్లు ఆర్పేయండి. ఖాళీ ట్యాంకు అడుగున, మట్టి వచ్చే ఎత్తుకు రెండు పుస్తకాలు పేర్చి, వాటి మీద లక్స్ మీటరు యాప్ తెరిచిన ఫోను తెర పైకి ఉండేలా పెట్టండి. గాజు మూత ఉంటే మూసే కొలవాలి. నడుమ ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు చూసి రాసుకోండి. చేయి, తల వెలుగుకు అడ్డం రాకూడదు. ఫోను సెన్సర్ ముందు కెమెరా పక్కనే ఉంటుంది, ఆ భాగమే కొలవాల్సిన చోట ఉండాలి. ఫోన్ల సెన్సర్లు ఒకదానికొకటి 20, 30 శాతం తేడా చూపిస్తాయి కాబట్టి వచ్చిన అంకెను తీర్పుగా తీసుకోవద్దు. నడుమకూ మూలకూ ఉన్న తేడా మాత్రం నమ్మదగ్గదే. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే విడి లక్స్ మీటరు ఇంకా నయం. నీళ్లు పోశాక అంకె మారిపోతుందేమోనన్న భయం వద్దు. శుభ్రమైన నీళ్లు, అడుగు లోతు అయితే పెద్ద తేడా రాదు, పక్క గాజులు వెలుగును తిరిగి లోపలికే కొడతాయి. ఆర్‌జీబీ లైటుకు ఈ 67 లెక్క పని చేయదు. లక్స్ మీటరు పచ్చ రంగును ఎక్కువగా, ఎరుపు, నీలాలను తక్కువగా లెక్కిస్తుంది, అసలు పార్ అది చూపేదానికంటే ఎక్కువే ఉంటుంది.

మీటరు లేకుండానే వెలుగు తగ్గిపోవడం కంటికి కనిపించే చోటు ఒకటుంది: గాజు మూత. కొత్త గాజు పదో వంతు వెలుగును మింగుతుంది, అది మామూలే. బోరు నీళ్ల ట్యాంకు మీద మూత లోపలి వైపు చూడండి. ఫిల్టర్ నుంచి ఎగిరిన చుక్కలు ఆరి, ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి వలయం నిలుస్తుంది. వలయం మీద వలయం పడి నెల తిరిగేసరికి మూత పాలగాజులా తయారవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోదు. సగం కోసిన నిమ్మచెక్కతో రుద్ది, ఐదు నిమిషాలు ఆగి, మంచి నీళ్లతో కడగాలి. వెనిగర్ అయినా అంతే. బాటెన్ మీది ప్లాస్టిక్ కవర్‌కు కూడా ఇదే పొర పడుతుంది. దాన్ని ప్లగ్గు తీసి, చల్లారాక, వెనిగర్‌లో పిండిన గుడ్డతో మాత్రమే తుడవండి. రెండు వారాలకోసారి ఈ పని చేస్తే లైటు మార్చాలన్న ఆలోచనే రాదు.

లైటు మీద వేసే ఇంకో నింద ఆకుల పసుపు. ముదురు ఆకులు బాగుండి కొత్త చిగురు మాత్రం పసుపుగా వస్తూ, ఈనెలు ఆకుపచ్చగా కనిపిస్తే అది ఇనుము లోపం. బత్తాయి తోటలున్న ఊళ్లవాళ్లకు ఈ లక్షణం కొత్తగా చెప్పక్కర్లేదు. గట్టి నీళ్లలో పీహెచ్ ఎక్కువగా ఉండి ఇనుము కరిగి నిలవదు. లైటు పెంచితే మొక్క ఇంకా వేగంగా పెరగాలని చూసి, ఆ లోపం మరింత బయటపడుతుంది. ఎరువుల దుకాణంలో చీలేటెడ్ ఐరన్ (నీళ్లలో కరిగి నిలిచేలా మరో పదార్థం పట్టి ఉంచే ఇనుము) దొరుకుతుంది. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే ఇనుమును వదిలేస్తుంది. డీటీపీఏ 7.5 దాకా పట్టుకుంటుంది. ఈడీడీహెచ్ఏ రకం 9 దగ్గర కూడా వదలదు, మన బోరు నీళ్లకు అదే సరైనది. ప్యాకెట్ మీద ఇనుము 6 శాతం అని ఉంటే, 7.5 గ్రాములు తూచి లీటరు ఆర్‌ఓ నీళ్లలో కలిపి నల్లటి సీసాలో పెట్టుకోండి. 45 లీటర్ల నీళ్లకు వారానికి 10 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఇనుము అందుతుంది. నీళ్లు కొద్దిగా ఎర్రబారతాయి, భయపడక్కర్లేదు. అన్నీ కలిపిన సూక్ష్మపోషకాల పొడి మాత్రం తేవద్దు, అందులోని రాగి రొయ్యలను, నత్తలను చంపుతుంది.

ముదురు ఆకులు ముందు పసుపు పడితే అది నైట్రోజన్ కొరత, చేపలు తక్కువున్న ట్యాంకుల్లో వస్తుంది. నిజంగా వెలుగు చాలనప్పుడు కనిపించే గుర్తు వేరు: కాడ సన్నగా సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరిగి, కింది ఆకులు రాలి, మొక్క పైకి మాత్రమే ఎగబాకుతుంది. ఆ గుర్తు చూసినప్పుడే లైటు పెంచండి.

ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది కూడా లైటు విషయమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, దక్షిణం కిటికీ నుంచి ఎండ లోపలికి రాదు. డిసెంబరులో అదే వేళకు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే దక్షిణానికి వాలి ఉంటాడు, ఎండ కిటికీలోంచి గది సగం దాకా వస్తుంది. ఎండాకాలమంతా అద్దంలా ఉన్న ట్యాంకు చలికాలంలో ఉన్నట్టుండి ఆకుపచ్చగా మారడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. నీళ్లు మార్చినా మూడు రోజులకు మళ్లీ పచ్చబడుతుంది. కిటికీకి పరదా వేసి, ట్యాంకుకు మూడు నాలుగు రోజులు దుప్పటి కప్పి, లైటు ఆపి, ఎయిర్ పంపు నడపండి. తర్వాత మూడో వంతు నీళ్లు మార్చండి. కొత్తగా పెట్టేవాళ్లు ఉత్తరం గోడ వైపు లేదా నేరుగా ఎండ పడని చోటు చూసుకోండి. పడమటి కిటికీ పక్కన ఏ కాలంలోనూ వద్దు, సాయంత్రపు ఎండకు చిన్న ట్యాంకు నీళ్లు గంటలో వేడెక్కుతాయి.

లైటు ఎన్ని గంటలు? కొత్త ట్యాంకుకు మొదటి నాలుగు వారాలు 6 గంటలు. ఆ రోజుల్లో మట్టి మీద, గాజు మీద గోధుమరంగు పొడి పొర వస్తుంది. అది డయాటమ్‌లు అనే పాచి, తుడిచేస్తే చాలు, వాటంతటవే తగ్గుతాయి. దానికోసం లైటు మార్చకండి. కొత్త ఆకులు నిలకడగా వస్తున్నాయనుకున్నాక వారానికి అరగంట చొప్పున 8 గంటల దాకా పెంచండి. 8 దాటితే లాభం లేదు. ఇంట్లో ట్యాంకు చూసేది సాయంత్రమే కనుక, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 దాకా పెట్టుకోవచ్చు. కరెంటు ఖర్చు గురించి ఆలోచించక్కర్లేదు. 10 వాట్లు 8 గంటలు అంటే రోజుకు 80 వాట్ అవర్లు, నెలకు 2.4 యూనిట్లు.

చేత్తో వేసి ఆర్పే లైటు ఎవరింట్లోనూ నియమంగా నడవదు, టైమర్ తప్పనిసరి. చుట్టూ పిన్నులున్న తిరిగే టైమర్ చవక, కానీ కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. రోజుకు గంట కోత ఉన్న చోట వారం తిరిగేసరికి ఏడు గంటలు వెనకబడుతుంది, సాయంత్రం వెలగాల్సిన లైటు అర్ధరాత్రి వెలుగుతుంది. లోపల చిన్న బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. ఇన్వర్టర్ లైనులో కలిపితే ఆ గొడవే లేదు. గాలిదుమారాల రోజుల్లో రెండు గంటలు కరెంటు పోయిందని రాత్రి ఒంటిగంట దాకా లైటు వేసి లెక్క సరిచేయాల్సిన పనిలేదు. ఒక పూట వెలుగు తగ్గితే మొక్కకు ఏమీ కాదు.

ఎండాకాలానికి వేరే లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు చిన్న ట్యాంకు నీళ్లు 32 దాటుతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములకు పైగా నిలిస్తే, 32 దగ్గర 7.3కు పడిపోతుంది. అదే సమయంలో చేపల, మొక్కల, మట్టిలోని సూక్ష్మజీవుల శ్వాస పెరుగుతుంది. ఆ వేడికి క్రిప్ట్‌లు, జావా ఫెర్న్, మాస్ డీలా పడతాయి. వాటికి బలం రావాలని వెలుగు పెంచితే, ఆ డీలా పడ్డ ఆకుల మీదే పాచి కూర్చుంటుంది. ఆ రెండు నెలలు 6 గంటలకు దించండి. మూత తీసి, లైటును నాలుగంగుళాలు పైకి లేపి, ఆ సందులోంచి చిన్న ఫ్యాను గాలి నీటి మీదుగా పోయేలా పెట్టండి. మన పొడి గాలికి నీళ్లు త్వరగా ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తగ్గిన నీటిని ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పులు లోపలే ఉంటాయి. బోరు నీళ్లతో నింపుతూ పోతే జూన్ నాటికి టీడీఎస్ ఎక్కడికో పోతుంది. మూత తీసిన ట్యాంకులోంచి గప్పీలు ఎగిరి పడకుండా పైన జాలి వేయడం మరవకండి.

పాచి వచ్చాక దాన్ని బట్టి లైటు సర్దుకోవచ్చు. గాజు మీద గట్టిగా అతుక్కున్న గుండ్రటి పచ్చ చుక్కలు, అనూబియాస్ పాత ఆకుల మీద కూడా అవే కనిపిస్తే, వెలుగు ఎక్కువ, ఫాస్ఫేట్ తక్కువ. లైటు రెండంగుళాలు లేపండి, గాజును పాత బ్లేడుతో గీకండి. ఆకు అంచుల నల్లటి కుచ్చులు కార్బన్ డయాక్సైడ్ నిలకడగా లేనప్పుడు, ఫిల్టర్ మురికిగా ఉన్నప్పుడు వస్తాయి, లైటు తగ్గించినంత మాత్రాన పోవు. ఆ ఆకులు కత్తిరించేయడం మంచిది. పచ్చటి పొడుగు దారాలైతే పాత టూత్‌బ్రష్‌కు చుట్టి లాగేసి, రోజుకు గంటన్నర లైటు తగ్గించండి. మట్టి మీద నీలిపచ్చ పొరలా పరుచుకుని, మురుగు వాసన వేస్తే అది పాచిలా కనిపించే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవి. దాన్ని పైపుతో పీల్చేసి, నీళ్ల కదలిక పెంచి, మూడు రోజులు చీకటి చేయండి. ఏది మార్చినా ఒక్కసారి ఒకటే మార్చి, రెండు వారాలు చూడండి. లైటు, ఎరువు, నీళ్లు మూడూ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

చివరగా వైరింగ్. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మామూలు బాటెన్‌లో నడిచేది 230 వోల్టులు, దాని కింద ఉన్నది ఉప్పులు కరిగిన నీళ్లు. నీటికీ బాటెన్‌కూ నడుమ గాజు మూత ఉండాలి. ఎండాకాలంలో ఫ్యాను కోసం మూత తీసినన్నాళ్లు బాటెన్ బదులు సీలు చేసిన ఫ్లడ్ లైటు గానీ, 12 వోల్టుల ఎడాప్టర్ లైటు గానీ పెట్టండి. బాటెన్‌ను ట్యాంకు అంచు మీద ఆనించకుండా రెండు చివర్లా క్లిప్పులతో గోడ బ్రాకెట్‌కు బిగించండి. ప్లగ్గు వైరు సాకెట్‌కంటే కిందికి జారి, మళ్లీ పైకి వెళ్లేలా వేలాడాలి, అప్పుడు వైరు వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది. ఎర్తింగ్ ఉన్న సాకెట్ కావాలి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించండి. నీళ్లలో చేయి పెట్టే ముందు లైటు, ఫిల్టర్, హీటర్ ప్లగ్గులన్నీ తీయండి. పిల్లలున్న ఇంట్లో మొదటి ఎంపిక 12 వోల్టుల లైటే. దాని ఎడాప్టర్‌ను ట్యాంకు కింద అరలో కాకుండా, నీళ్లు పడని ఎత్తులో గోడకు పెట్టండి. వోల్టేజీ ఎగిరిపడే చోట పోయేది కూడా చాలాసార్లు ఆ ఎడాప్టరే. అందుకే ఎడాప్టర్ విడిగా దొరికే మోడల్ చూసి కొనండి.